ప్రైమరీ కీ కాని కాలమ్ మీద సంబంధం కడితే ఓఆర్ఎంలో ఏం మారుతుంది?

బ్యాంకు నుంచి వచ్చే చెల్లింపుల ఫైలులో మన డేటాబేస్ ఇచ్చిన శాఖ ఐడీ ఉండదు. ఐఎఫ్ఎస్‌సీ అనే శాఖ కోడ్ ఉంటుంది. మొత్తం 11 అక్షరాలు: మొదటి 4 బ్యాంకువి, అయిదోది సున్నా, చివరి 6 శాఖవి. ఆ ఫైలును ఉన్నదున్నట్టు ఎక్కించుకున్న చెల్లింపుల టేబుల్‌లోనూ అదే కోడ్ ఉంటుంది. శాఖల టేబుల్‌కు మాత్రం ఐడీ అనే అంకె ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే కాలమ్), ఐఎఫ్ఎస్‌సీ పక్కన ఇంకో కాలమ్. ఎస్‌క్యూఎల్ రాసేవాళ్లకు ఇందులో చిక్కేమీ లేదు. రెండు ఐఎఫ్ఎస్‌సీ కాలమ్‌ల మీద జాయిన్ పెడితే పని అయిపోతుంది. మధ్యలో ఓఆర్ఎం (టేబుల్ వరుసలను ప్రోగ్రామ్‌లోని ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ) ఉంటే కథ వేరు.

జాయిన్ చేసేది డేటాబేస్, ఆబ్జెక్టులను గుర్తుపెట్టుకునేది ఓఆర్ఎం. జావాలో హైబర్నేట్, పైథాన్‌లో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ లాంటివి ఒక సెషన్‌లో (డేటాబేస్‌తో ఒక విడత పనిలో) తెచ్చిన ప్రతి వరుసనూ ఏ క్లాసు, ఏ ప్రైమరీ కీ అన్న జంటను బట్టి దాచుకుంటాయి. ఒక వరుసకు ఒకే ఆబ్జెక్టు ఉండడం, లేజీ లోడింగ్ (అడిగినప్పుడే తేవడం), క్యాష్ అన్నీ ఆ జంట మీద ఆధారపడి నడిచేవే. సంబంధం ఐఎఫ్ఎస్‌సీ మీద కట్టారంటే ఓఆర్ఎం చేతిలో కోడ్ ఉంటుంది కానీ ఐడీ ఉండదు. తన దగ్గర ఆ శాఖ ముందే ఉందో లేదో కూడా దానికి తెలియదు. మ్యాపింగ్ రాయడం ఒక్క లైను పనే. ఆ లైను రాశాక ఏయే సౌకర్యాలు పోతాయో తెలియకపోవడం వల్లే లైవ్‌లోకి వెళ్లాక ఇబ్బందులు మొదలవుతాయి.

ముందు డేటాబేస్ సంగతి

ఫారిన్ కీ (ఇంకో టేబుల్‌లోని వరుసను చూపే కాలమ్) ప్రైమరీ కీకే కట్టాలన్న నియమం ఎస్‌క్యూఎల్‌లో లేదు. యునీక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం) ఉన్న కాలమ్‌కు కట్టొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఆ కన్‌స్ట్రెయింట్ గానీ, అందుకు సరిపడే యునీక్ ఇండెక్స్ గానీ లేకపోతే ఫారిన్ కీని ఒప్పుకోదు. వేర్ షరతు పెట్టిన పాక్షిక ఇండెక్స్ ఇందుకు పనికిరాదు. సాఫ్ట్ డిలీట్ (వరుసను తీసేయకుండా, డిలీట్ అయినట్టు గుర్తు మాత్రం పెట్టడం) వాడే చోట చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. "డిలీట్ కాని వరుసల్లో మాత్రమే ఐఎఫ్ఎస్‌సీ యునీక్" అని ఇండెక్స్ పెట్టుకుంటే దానికి ఫారిన్ కీ కట్టలేరు. ఓఆర్ఎంలో మ్యాపింగ్ మాత్రం రాసేయొచ్చు, అదీ మారు మాట్లాడకుండా ఒప్పుకుంటుంది. తర్వాత ఎవరో పాత శాఖను సాఫ్ట్ డిలీట్ చేసి అదే కోడ్‌తో కొత్త వరుస చేరుస్తారు. అప్పుడు ఒక కోడ్‌కు రెండు వరుసలు దొరుకుతాయి.

ఒరాకిల్‌కు యునీక్ ఇండెక్స్ ఒక్కటే చాలదు, కన్‌స్ట్రెయింట్‌గా ప్రకటించాలి. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇంజిన్ ఇన్నోడీబీ చాలా ఏళ్ల పాటు యునీక్ కాని ఇండెక్స్‌కు కూడా ఫారిన్ కీ కట్టనిచ్చింది. 8.4 నుంచి డీఫాల్ట్‌గా అది కుదరదు. పాత డేటాబేస్‌ను 8.4కు తెచ్చే ముందు ఇలాంటి కీలు ఎన్ని ఉన్నాయో వెతికి చూసుకోవడం మంచిది. మైఎస్‌క్యూఎల్‌లో రెండు కాలమ్‌ల క్యారెక్టర్ సెట్, కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమాలు) కూడా ఒకటే అయి ఉండాలి. ఒకటి పాత యూటీఎఫ్8, ఇంకోటి యూటీఎఫ్8ఎంబీ4 అయితే ఫారిన్ కీ పడదు.

ఇండెక్స్ విషయం కూడా చూడాలి. చెల్లింపుల టేబుల్‌లోని ఐఎఫ్ఎస్‌సీ కాలమ్‌కు మైఎస్‌క్యూఎల్ ఫారిన్ కీతో పాటే ఇండెక్స్ పెట్టేస్తుంది, పోస్ట్‌గ్రెస్ పెట్టదు. మీరే పెట్టాలి. లేకపోతే ఒక శాఖ కోడ్ మార్చినా, ఆ వరుస తీసేసినా చెల్లింపుల టేబుల్ మొత్తం స్కాన్ అవుతుంది. ఇన్నోడీబీలో ఇంకో చిన్న ఖర్చు ఉంది. ఐఎఫ్ఎస్‌సీ ఇండెక్స్‌లో వెతికితే ముందు ప్రైమరీ కీ దొరుకుతుంది, దాన్ని పట్టుకుని మళ్లీ అసలు వరుస దగ్గరకు వెళ్లాలి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రైమరీ కీ ఇండెక్స్‌కూ మామూలు యునీక్ ఇండెక్స్‌కూ ఈ తేడా లేదు.

పాత డేటా మీద మ్యాపింగ్ రాసే ముందు నాలుగు లెక్కలు తీయాలి. శాఖల టేబుల్‌ను ఐఎఫ్ఎస్‌సీతో గ్రూప్ చేసి, ఒకటికి మించి వచ్చిన కోడ్‌లెన్నో చూడాలి. కోడ్ నల్‌గా (విలువే లేకుండా), ఖాళీ స్ట్రింగ్‌గా ఉన్న వరుసలను వేర్వేరుగా లెక్కపెట్టాలి. చెల్లింపుల నుంచి శాఖలకు లెఫ్ట్ జాయిన్ పెట్టి, జత దొరకని కోడ్‌లను విడిగా పట్టుకోవాలి. చివరగా, ఉన్న కోడ్‌ను ట్రిమ్ చేసి పెద్ద అక్షరాల్లోకి మార్చిన రూపంతో పోల్చి, తేడా ఉన్న వరుసలెన్నో తేల్చాలి. ఈ నాలుగింటిలో ఏది సున్నా కాకపోయినా ముందు డేటా శుభ్రం చేసుకోవాలి, మ్యాపింగ్ ఆ తర్వాత.

హైబర్నేట్‌లో లేజీ అన్నా లేజీ కాదు

జావా ఓఆర్ఎంలకు ప్రమాణమైన జేపీఏలో జాయిన్‌కాలమ్ యానోటేషన్‌కు రెండు పేర్లు ఇస్తాం. నేమ్ అంటే చెల్లింపుల టేబుల్‌లోని కాలమ్, రిఫరెన్స్‌డ్‌కాలమ్‌నేమ్ అంటే శాఖల టేబుల్‌లోని కాలమ్. రెండోది ఇవ్వకపోతే ప్రైమరీ కీ అనుకుంటుంది. అక్కడ ఐఎఫ్ఎస్‌సీ అని రాస్తే సంబంధం కుదురుతుంది. జేపీఏ స్పెసిఫికేషన్ ప్రకారం దీన్ని సమర్థించడం ప్రొవైడర్ల ఇష్టం, తప్పనిసరి కాదు. హైబర్నేట్ సమర్థిస్తుంది.

మెనీటువన్‌కు (అనేక చెల్లింపులకు ఒక శాఖ అన్న సంబంధానికి) ఫెచ్ లేజీ అని పెట్టినా, ఇలాంటి సంబంధంలో హైబర్నేట్ శాఖను అప్పటికప్పుడే తెచ్చేస్తుంది. కారణం ప్రాక్సీ. లేజీ ప్రాక్సీ అంటే ఐడీ ఒక్కటి తెలిసిన ఖాళీ డబ్బా, ఆ ఐడీతోనే అది సెషన్‌లో నమోదు అవుతుంది. చెల్లింపు వరుసలో కోడ్ మాత్రమే ఉంది కాబట్టి ఏ ఐడీతో ప్రాక్సీ చేయాలో హైబర్నేట్‌కు తెలియదు. తెలుసుకోవాలంటే శాఖల టేబుల్‌ను అడగాలి, ఎలాగూ అడిగాక వరుస మొత్తం తెచ్చుకుంటుంది.

దీని ఫలితం లాగ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 500 చెల్లింపులు తెచ్చే ఒక క్వెరీ నడుస్తుంది. దాని కిందే "సెలెక్ట్ ... ఫ్రమ్ శాఖ వేర్ ఐఎఫ్ఎస్‌సీ = ?" అని ఒకే రకం క్వెరీలు వరసపెట్టి వస్తాయి. ఆ 500లో వేర్వేరు శాఖలు 120 ఉంటే మొత్తం 121 క్వెరీలు. ఒక కోడ్‌తో తెచ్చిన శాఖను అదే సెషన్‌లో అదే కోడ్‌తో మళ్లీ అడగదు, అంతవరకు నయం. కోడ్‌లో ఎవరూ శాఖ పేరు ముట్టుకోకపోయినా ఈ క్వెరీలన్నీ నడుస్తాయి. సెకండ్ లెవల్ క్యాష్ (సెషన్లన్నీ పంచుకునేది) పెట్టినా ఇది తగ్గదు. ఆ క్యాష్ కూడా ఐడీతోనే వెతుకుతుంది.

దీనికి నేరైన మందు, చెల్లింపులు తెచ్చే క్వెరీలోనే జాయిన్ ఫెచ్ రాయడం, లేదా ఎంటిటీ గ్రాఫ్ (ఏయే సంబంధాలు వెంట తేవాలో చెప్పే జాబితా) ఇవ్వడం. ఫైండ్‌ఆల్ లాంటి రెడీమేడ్ మెథడ్‌ను పిలిచే ప్రతి చోటా దీన్ని గుర్తుపెట్టుకోవాలి. జత దొరకని కోడ్‌లు ఉండే అవకాశం ఉంటే లెఫ్ట్ జాయిన్ ఫెచ్ వాడాలి. మామూలు జాయిన్ అయితే ఆ చెల్లింపులు జాబితాలోంచి మాయమైపోతాయి, రోజు చివర మొత్తం సరిపోదు. క్లాసులకు బైట్‌కోడ్ ఎన్‌హాన్స్‌మెంట్ (కంపైల్ అయిన కోడ్‌ను మార్చడం) చేసి ప్రాక్సీ లేకుండా లేజీ తెచ్చుకునే దారీ ఉంది గానీ, బిల్డ్‌లో ఒక మెట్టు పెరుగుతుంది. ఈ ఒక్క సంబంధం కోసం అంత దూరం వెళ్లక్కర్లేదు.

రాసేటప్పుడూ ఒక సౌకర్యం పోతుంది. మామూలు సంబంధమైతే గెట్‌రిఫరెన్స్‌కు ఐడీ ఇచ్చి, శాఖ వరుసను తేకుండానే చెల్లింపుకు కట్టేయొచ్చు. ఇక్కడ ఇన్సర్ట్‌లో వెళ్లాల్సింది ఐడీ కాదు, కోడ్. ఆ కోడ్ కోసం శాఖ వరుసను తేవాల్సిందే. వేల వరుసలు ఎక్కించే పనికి దీనికన్నా మంచి పద్ధతి ఉంది: అదే కాలమ్‌ను రెండుసార్లు మ్యాప్ చేయడం. ఒకటి మామూలు స్ట్రింగ్ ఫీల్డు, రాయడం చదవడం దాంతోనే. రెండోది శాఖ సంబంధం, దానికి ఇన్సర్టబుల్, అప్‌డేటబుల్ రెండూ ఫాల్స్. ఈ రెండు ఫాల్స్‌లు మరిచిపోతే ఒకే కాలమ్ రెండుసార్లు వచ్చిందని అప్లికేషన్ లేచేటప్పుడే ఎర్రర్ ఇస్తుంది. ఇలా కట్టాక కోడ్ ఫీల్డు నింపి సేవ్ చేస్తే ఆ ఆబ్జెక్టులో శాఖ నల్‌గానే ఉంటుంది. రిఫ్రెష్ చేస్తేనో, కొత్త సెషన్‌లో తెస్తేనో కనిపిస్తుంది. సేవ్ చేసిన వెంటనే శాఖ పేరుతో ఎస్ఎంఎస్ పంపే కోడ్ ఉంటే అక్కడ నల్ పాయింటర్ ఖాయం.

ఇంకొన్ని ఎర్రర్లు చూడగానే గుర్తుపట్టేలా ఉండాలి. ఒకే కోడ్‌తో రెండు శాఖలుంటే, ఇచ్చిన ఐడెంటిఫయర్‌తో ఒకటికి మించి వరుసలు దొరికాయన్న ఎక్సెప్షన్ వస్తుంది. మాటల్లో ఐడెంటిఫయర్ అని ఉంటుంది కానీ తప్పు ప్రైమరీ కీలో లేదు, యునీక్ లేని ఐఎఫ్ఎస్‌సీలో ఉంది. శాఖ క్లాసును సీరియలైజబుల్‌కు మార్చలేమంటూ క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్ వస్తే, అది పాత హైబర్నేట్ వెర్షన్లలో ఇలాంటి మ్యాపింగ్‌తో వచ్చేదే. శాఖ క్లాసు సీరియలైజబుల్‌ను ఇంప్లిమెంట్ చేస్తే పోతుంది.

రెండు కాలమ్‌లు కలిపి కీ అయితే, ఉదాహరణకు సంస్థ ఐడీ ప్లస్ శాఖ కోడ్, ఓపిక పరీక్ష మొదలవుతుంది. ఆ సంస్థ ఐడీ చెల్లింపులో విడి ఫీల్డుగా కూడా మ్యాప్ అయి ఉంటుంది. జతలో ఒక కాలమ్ రాయదగ్గదిగా, ఇంకోటి రాయకూడనిదిగా పెడితే హైబర్నేట్ ఒప్పుకోదు. రెండిటినీ రాయకూడనివిగా పెట్టి, విలువలను విడి ఫీల్డుల ద్వారా రాయడం ఇక్కడ తేలికైన దారి.

మిగతా ఓఆర్ఎంలు

పైథాన్‌లోని జాంగోలో ఫారిన్‌కీకి టు_ఫీల్డ్ ఇస్తే చాలు. ఆ ఫీల్డు యునీక్ కాకపోతే సిస్టమ్ చెక్‌లోనే ఆపేస్తుంది. ఇది జాంగో చేసే మంచి పని. కొత్తవాళ్లు తికమకపడేది పేరు దగ్గర. ఫీల్డు పేరు బ్రాంచ్ అయితే, బ్రాంచ్_ఐడీలో ఉండేది ఐడీ కాదు, ఐఎఫ్ఎస్‌సీ స్ట్రింగ్. ఫిల్టర్‌లో బ్రాంచ్_ఐడీ ఈక్వల్స్ 42 అని రాస్తే ఎర్రర్ లేకుండా ఖాళీ ఫలితం రావచ్చు. అసలు ప్రైమరీ కీతో వెతకాలంటే బ్రాంచ్ తర్వాత రెండు అండర్‌స్కోర్లు పెట్టి పీకే అని రాయాలి, అప్పుడు జాయిన్ పడుతుంది. డేటాబేస్ కాలమ్ పేరును డీబీ_కాలమ్‌తో ఐఎఫ్ఎస్‌సీ అని పెట్టుకుంటే కనీసం టేబుల్ చూసేవాళ్లకు స్పష్టంగా ఉంటుంది.

డాట్‌నెట్‌లోని ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో హ్యాజ్‌ప్రిన్సిపల్‌కీ అని చెప్పగానే ఐఎఫ్ఎస్‌సీ ఆల్టర్నేట్ కీ (ప్రైమరీ కీకి తోడు ఇంకో కీ) అయిపోతుంది. మైగ్రేషన్‌లో (టేబుళ్లను మార్చే స్క్రిప్టులో) యునీక్ కన్‌స్ట్రెయింట్ దానంతట అదే చేరుతుంది. డేటాలో నకళ్లుంటే మైగ్రేషన్ అక్కడే ఆగిపోతుంది. ఆల్టర్నేట్ కీ అయిన ప్రాపర్టీని సేవ్ అయ్యాక మార్చనివ్వదు. శాఖ కోడ్ సరిదిద్దే స్క్రీన్ ఒకటి ఉండి, నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఎక్సెప్షన్ ఇస్తోందంటే, ఎవరో ఈ సంబంధం చేర్చారని అర్థం. కేవలం యునీక్‌నెస్ కావాలనుకుంటే యునీక్ ఇండెక్స్ చాలు, ఆల్టర్నేట్ కీ జోలికి పోవద్దు.

ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో ఫారిన్ కీ ప్రకటించి ఉంటే రిలేషన్‌షిప్ దాన్ని చూసి జాయిన్ తానే కట్టుకుంటుంది. డేటాబేస్‌లో ఫారిన్ కీ లేకపోతే ప్రైమరీజాయిన్ రాసి, ఏ వైపుది ఫారిన్ కాలమో ఫారిన్ అనే మార్కుతో చెప్పాలి. ప్రైమరీ కీ సంబంధంలో ఇది ముందు సెషన్‌లో వెతికి, దొరికితే క్వెరీయే పంపదు. వేరే కాలమ్ అయితే ఆ దగ్గరదారి మూసుకుపోతుంది. సెషన్‌లో శాఖ ఉన్నా, ప్రతి చెల్లింపుకూ లేజీ క్వెరీ వెళ్తుంది. శాఖలను ముందే తెచ్చే జాయిన్‌డ్‌లోడ్ గానీ, సెలెక్ట్ఇన్‌లోడ్ గానీ పెట్టుకోవాలి.

రూబీలోని రైల్స్‌లో బిలాంగ్స్_టుకు ఫారిన్_కీ, ప్రైమరీ_కీ అని రెండు ఆప్షన్లు. పీహెచ్‌పీలోని లారావెల్‌లో బిలాంగ్స్‌టుకు మోడల్ క్లాసు పేరు తర్వాత మొదట మన కాలమ్, తర్వాత అవతలి కాలమ్. హ్యాజ్‌మెనీలో మొదట అవతలి టేబుల్‌లోని ఫారిన్ కీ, తర్వాత మన లోకల్ కీ. బిలాంగ్స్‌టు, హ్యాజ్‌మెనీ రెండిట్లోనూ ఫారిన్ కీయే ముందు అని గుర్తుపెట్టుకుంటే వరస తారుమారు కాదు.

డేటాబేస్‌కు ఒకటే, ప్రోగ్రామ్‌కు వేరు

అంకెల ఐడీలతో ఎప్పుడూ రాని సమస్య ఒకటి స్ట్రింగ్ కీలతో వస్తుంది. పట్టుకోవడం కూడా కష్టమే. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ డీఫాల్ట్ కొలేషన్‌లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు. జావా, సీషార్ప్, పైథాన్, పీహెచ్‌పీలకు ఆ తేడా ఉంది. శాఖల టేబుల్‌లో కోడ్ పెద్ద అక్షరాల్లో, చెల్లింపుల్లో ఒక వరుసలో చిన్న అక్షరాల్లో ఉందనుకోండి. ఫారిన్ కీ ఒప్పుకుంటుంది. చేత్తో రాసిన జాయిన్‌లో జత కనిపిస్తుంది. లారావెల్‌లో చెల్లింపు నుంచి శాఖను లేజీగా అడిగితే వస్తుంది. విత్‌తో ఈగర్‌గా (ముందే) తెస్తే మాత్రం నల్! లేజీలో పోల్చింది డేటాబేస్. ఈగర్‌లో శాఖలన్నిటినీ ఒక్క క్వెరీలో తెచ్చి, ఏ చెల్లింపుకు ఏ శాఖో పీహెచ్‌పీ అర్రేలో కోడ్‌తో వెతికి జతచేస్తుంది, అక్కడ రెండు కోడ్‌లూ వేరు. జాంగోలో సెలెక్ట్_రిలేటెడ్‌కూ ప్రీఫెచ్_రిలేటెడ్‌కూ మధ్య ఇదే తేడా. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో ఇంక్లూడ్ పెట్టినా శాఖ నల్‌గా ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. అక్కడ రెండు వైపుల ప్రాపర్టీలకూ కేస్ పట్టించుకోని వాల్యూ కంపేరర్ ఇవ్వొచ్చు.

వెనక ఖాళీలదీ ఇదే తంతు. శాఖల టేబుల్‌లో కోడ్‌ను చార్ 15గా ప్రకటించి ఉంటే 11 అక్షరాల తర్వాత 4 ఖాళీలు చేరతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ పోల్చేటప్పుడు ఆ ఖాళీలను పట్టించుకోదు, ప్రోగ్రామ్ పట్టించుకుంటుంది. ఒరాకిల్‌లో చార్ కాలమ్‌ను వార్‌చార్2 కాలమ్‌తో పోలిస్తే అసలు జాయినే కలవదు. ఐఎఫ్ఎస్‌సీకి ప్రత్యేకమైన తప్పు ఇంకోటి ఉంది: అయిదో స్థానంలో సున్నాకు బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం కొట్టడం. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

వీటన్నిటికీ మందు మ్యాపింగ్‌లో లేదు, లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే ఉంది. ఫైలు చదివేటప్పుడే ట్రిమ్ చేసి, పెద్ద అక్షరాల్లోకి మార్చాలి. ఆపైన రెండు టేబుళ్లకూ చెక్ కన్‌స్ట్రెయింట్ పెట్టాలి: నాలుగు పెద్దక్షరాలు, ఒక సున్నా, ఆరు అక్షరాలో అంకెలో. కొలేషన్ కేస్ పట్టించుకోనిదైతే చెక్‌లో బైనరీ పోలిక వాడాలి, లేకపోతే చిన్నక్షరాలు కూడా దూరిపోతాయి.

కోడ్ మారిన రోజు

ప్రైమరీ కీగా అర్థం లేని అంకెను పెట్టుకునేదే అది ఎప్పటికీ మారదు కాబట్టి. ఐఎఫ్ఎస్‌సీ అలా కాదు. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. ఏఎన్‌డీబీతో మొదలయ్యే శాఖల కోడ్‌లన్నీ యూబీఐఎన్‌తో మొదలయ్యేవిగా మారాయి. పాత కోడ్‌లు 2021 మార్చి 31 దాకా చెల్లాయి. అంటే కొంతకాలం ఒకే శాఖకు రెండు కోడ్‌లూ నడిచాయి. అంతకుముందు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసినప్పుడూ ఎస్‌బీహెచ్‌వై కోడ్‌లు పోయి ఎస్‌బీఐఎన్ కోడ్‌లు వచ్చాయి.

సంబంధం ఐఎఫ్ఎస్‌సీ మీదే కట్టి ఉంటే ఆ రోజు ఏం చేయాలి? ఆన్ అప్‌డేట్ క్యాస్కేడ్ ఉంటే శాఖ వరుసలో కోడ్ మార్చగానే చెల్లింపులన్నిటిలోనూ మారిపోతుంది. పెద్ద టేబుల్ అయితే ఆ ఒక్క అప్‌డేట్ లక్షల వరుసలను లాక్ చేస్తుంది. ఒరాకిల్‌లో ఈ సదుపాయమే లేదు. అప్పటికే సెషన్‌లో ఉన్న ఆబ్జెక్టులకు డేటాబేస్ లోపల జరిగిన ఈ మార్పు తెలియదు. ఇవన్నీ దాటినా ఇంకో పెద్ద తప్పు మిగులుతుంది. 2019లో ఏఎన్‌డీబీ కోడ్‌తో పంపిన చెల్లింపు ఇప్పుడు యూబీఐఎన్‌తో పంపినట్టు కనిపిస్తుంది. ఆ రోజు బ్యాంకుకు వెళ్లిన ఫైలుకూ మన రికార్డుకూ పొంతన ఉండదు. ఆడిట్‌లో అడిగితే చెప్పడానికి జవాబుండదు. క్యాస్కేడ్ లేకుండా కొత్త కోడ్‌తో కొత్త వరుస చేరిస్తే ఒకే శాఖ రెండు శాఖలైపోతుంది, శాఖవారీ మొత్తాలు చీలిపోతాయి.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే కాలమ్‌తో మోయిస్తున్నాం: ఈ చెల్లింపు ఏ శాఖది, ఆ రోజు ఏ కోడ్ రాశారు. మొదటిదానికి జవాబు ఎప్పుడూ మారకూడదు కాబట్టి అది ఐడీతో ఉండాలి. రెండోది రాసింది రాసినట్టు ఉండాలి కాబట్టి మామూలు స్ట్రింగ్ ఫీల్డుగా ఉండాలి, ఏ ఫారిన్ కీ దాన్ని కదిలించకూడదు. రెంటికీ మధ్య శాఖ కోడ్‌ల టేబుల్ ఒకటి పెట్టాలి. అందులో కోడ్, శాఖ ఐడీ, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు అని నాలుగు కాలమ్‌లు, కోడ్‌కు యునీక్ కన్‌స్ట్రెయింట్. ఒక శాఖకు ఎన్ని కోడ్‌లైనా ఉండొచ్చు. ఫైలు వచ్చినప్పుడు అందులోని వేర్వేరు కోడ్‌లన్నిటినీ ఒక ఇన్ క్వెరీతో ఈ టేబుల్‌లో వెతికి, మెమరీలో మ్యాప్ కట్టుకుని, చెల్లింపులకు శాఖ ఐడీ నింపాలి. 120 శాఖలను వెతకడానికి 120 క్వెరీల బదులు ఒక్క క్వెరీ. దొరకని కోడ్‌ల వరుసలను విడి టేబుల్‌లోకి తోసి మనిషికి చూపించాలి.

టేబుల్ మన చేతిలో లేనప్పుడు, అంటే ఇంకో విభాగం నడిపే పాత డేటాబేస్‌నో, చదవడానికి మాత్రమే ఇచ్చిన వ్యూనో మ్యాప్ చేస్తున్నప్పుడు, ప్రైమరీ కీ కాని సంబంధమే సరైన దారి. మొహమాటపడక్కర్లేదు. రాయకూడనిదిగా ప్రకటించి, తెచ్చే ప్రతి చోటా జాయిన్ పెట్టి, క్వెరీల సంఖ్యను టెస్టులో కట్టేయాలి. జాంగోలో అసర్ట్‌నమ్‌క్వెరీస్, హైబర్నేట్‌లో స్టాటిస్టిక్స్ ఇచ్చే స్టేట్‌మెంట్ల లెక్క ఇందుకే ఉన్నాయి. టెస్టు డేటాలో కనీసం మూడు వేర్వేరు శాఖలుండాలి. ఒకే శాఖ పెడితే అదనపు క్వెరీ ఒక్కటే వస్తుంది, ఎవరి కంటా పడదు.

ఇప్పటికే కోడ్ మీద నడుస్తున్న సొంత టేబుల్‌ను మార్చాలంటే ఒక్క రాత్రిలో చేయనక్కర్లేదు. ముందు చెల్లింపులకు శాఖ ఐడీ అనే కాలమ్ నల్ ఒప్పుకునేలా చేర్చాలి. కొత్త చెల్లింపులకు కోడ్, ఐడీ రెండూ రాసేలా అప్లికేషన్‌ను విడుదల చేయాలి. తర్వాత పాత వరుసలను పదేసి వేల చొప్పున కోడ్‌ల టేబుల్‌తో జాయిన్ చేసి ఐడీ నింపుకుంటూ పోవాలి. నల్‌లు మిగలకపోతే సంబంధాన్ని ఐడీ వైపు తిప్పి, ఫారిన్ కీ, నాట్ నల్ పెట్టాలి. ఆఖర్న ఐఎఫ్ఎస్‌సీ మీద ఉన్న పాత ఫారిన్ కీని తీసేయాలి. ఫారిన్ కీని మాత్రమే, కాలమ్‌ను కాదు. రెండేళ్ల తర్వాత డబ్బు చేరలేదని ఎవరైనా వస్తే, ఆ రోజు బ్యాంకుకు ఏ కోడ్ పంపామో చూపించడానికి మన దగ్గర ఉండేది ఆ కాలమే.